బంగారు నోటి యోహాను

ధ్యానమునకు: లూకా 16:19–31, మత్తయి 25:31–46, యాకోబు 3:1–12

అంతియొకయ అను పేరు వినగానే మనకు అపొస్తలుల కార్యముల గ్రంథము జ్ఞాపకమునకు వచ్చును. శిష్యులు మొట్టమొదట క్రైస్తవులనబడినది ఆ పట్టణమందే. సంఘము ఉపవాసముండి ప్రార్థనచేసి పౌలును బర్నబాను సువార్త పనికి పంపినదియు అక్కడనుండియే. ఆ దినములు గడచి మూడు వందల యేండ్లయిన పిమ్మట అదే పట్టణములో పుట్టి, అదే సంఘములో పెరిగిన ఒక కాపరి జీవితమును ఈ నెల మన ధ్యానమునకు తీసికొనుచున్నాము. ఆయన పేరు యోహాను. ఆయన మరణించిన తరువాత జనులు ఆయనకు క్రిసొస్తొము అను బిరుదు పెట్టిరి. గ్రీకు భాషలో ఆ మాటకు బంగారు నోరు గలవాడని అర్థము. ఆంగ్లికను సంఘమునుండి వచ్చిన ప్రార్థన పుస్తకమును వాడిన మన కుటుంబములలో ఈ పేరు క్రొత్తది కాదు. ఉదయ ప్రార్థన ముగింపున ఆయన పేరట ఒక చిన్న ప్రార్థన కలదు. అది ఆయన స్వయముగా వ్రాసినది కాదని పండితులు చెప్పుదురు గాని, ఆయన పేరు మాత్రము దానితో కూడ మన పెద్దల నోళ్లలో నిలిచినది.

బంగారు నోరు అనగానే తియ్యగా మాటలాడి అందరిని మెప్పించినవాడని తలంచరాదు. ఆ నోటి మాటల వలననే ఆయన తన పీఠమును పోగొట్టుకొనెను, తన ఊరిని పోగొట్టుకొనెను, కడకు ప్రాణమును పోగొట్టుకొనెను. ఆ మాటలు ఏవి, అవి ఎవరికి నొప్పి కలిగించినవి అనునది నేటి మన సంఘములకు కూడ పనికివచ్చు సంగతియై యున్నది.

విధవరాలి కుమారుడు

యోహాను క్రీ.శ. 347 ప్రాంతమున జన్మించెను. తండ్రి సెకుందు సిరియా దేశపు సైన్యాధిపతి కొలువులో ఉద్యోగి. బిడ్డ చంటివాడుగా నుండగానే ఆయన చనిపోయెను. తల్లి అంతూసకు అప్పటికి ఇంచుమించు 20 ఏండ్లు. ఆమె మరల వివాహము చేసికొనలేదు. పనివారి మోసములు, బంధువుల ఎత్తులు, పన్ను వసూలుదారుల బెదరింపులు, ఇవన్నియు ఒంటరిగా సహించి ఇల్లు నిలువబెట్టినది. భర్త ఆస్తిని చెడగొట్టక, తన పుట్టింటివారిచ్చిన సొమ్ముతో కుమారునికి మంచి విద్య చెప్పించినది.

ఆ దినములలో అంతియొకయలో లిబానియసు అను గొప్ప ఉపన్యాస విద్యాగురువు ఉండెను. అతడు క్రైస్తవుడు కాడు, పూర్వపు దేవతలను పూజించువాడు. యోహాను అతని శిష్యుడాయెను. ఈ శిష్యుని తల్లి 20 ఏండ్లుగా విధవరాలై కుమారునికొరకే జీవించుచున్నదని తెలిసికొని, క్రైస్తవులలో ఎట్టి స్త్రీలున్నారో అని ఆ గురువు ఆశ్చర్యపడెనట. అతడు మరణశయ్యపై నుండగా తన తరువాత పాఠశాలను ఎవరు నడుపవలెనని అడిగినవారితో, క్రైస్తవులు ఎత్తుకొనిపోకయున్నయెడల యోహానునే నియమించియుందునని చెప్పినట్లు పూర్వ చరిత్రకారులు వ్రాసిరి.

యోహాను న్యాయస్థానములలో వాదించి పేరు సంపాదింపగలవాడే. అయినను ఆ జీవితము ఆయనకు రుచింపలేదు. ఇంచుమించు 20 ఏండ్ల ప్రాయమున బిషప్పు మెలేతియసు యొద్ద బాప్తిస్మము పొంది, దేవుని వాక్యమును ఆరాధనలో చదివి వినిపించు పనికి నియమింపబడెను. లోకము విడిచి కొండలలోనికి పోయి సన్యాసులతో నుండవలెనని ఆయనకు బహు కోరిక కలిగెను. ఈ సంగతి తెలిసిన తల్లి, ఆయనను చేయిపట్టి తన గదిలోనికి తీసికొనిపోయి, తాను ఆయనను కనిన మంచము ప్రక్కనే కూర్చుండబెట్టుకొని కన్నీరు విడిచెను. రెండవసారి తనను విధవరాలిని చేయవద్దనియు, తన్ను మంటిలో కలిపిన పిమ్మట ఇష్టమువచ్చిన చోటికి పొమ్మనియు బ్రతిమాలెను. కుమారుడు ఆమె మాట విని కొంతకాలము ఇంటనే ఉండి, ఇంటిలోనే ఉపవాస ప్రార్థనలతో గడపెను. గొప్ప పరిచర్యకు పిలువబడినవారు కన్నతల్లి కన్నీటిని త్రొక్కి పోనవసరము లేదని ఇక్కడ నేర్చుకొనుచున్నాము.

తరువాత ఆయన కొండలకు వెళ్లెను. 4 సంవత్సరములు ఒక వృద్ధ సన్యాసి చేతిక్రింద నుండి, పిమ్మట 2 సంవత్సరములు ఒంటరిగా ఒక గుహలో నివసించెను. నిద్ర మాని పరిశుద్ధ గ్రంథమును కంఠస్థము చేసెను. అయితే చలివలనను పస్తులవలనను కడుపును మూత్రపిండములును చెడిపోయెను. ఆ జబ్బు జీవితాంతము ఆయనను విడువలేదు. శరీరము కొండను ఓర్చుకొనలేకపోగా ఆయన పట్టణమునకు తిరిగి వచ్చెను. ఆయన కొండ దిగుట ఓటమివలె కనబడెనుగాని, దేవుడు ఆయనను ఒక గుహకొరకు కాక ఒక పట్టణముకొరకు సిద్ధపరచుచుండెను. గుహలో నేర్చిన వాక్యమే పట్టణములో పంచబడెను.

విగ్రహముల అల్లరి

క్రీ.శ. 381లో ఆయన డీకనుగాను, 386లో బిషప్పు ఫ్లావియను చేత ప్రెస్బితరుగాను అభిషేకింపబడెను. మరుసటి సంవత్సరమే ఆయన మాటకు పరీక్ష వచ్చెను.

387లో థియొదోసియసు చక్రవర్తి క్రొత్త పన్ను ఒకటి విధించెను. ఆజ్ఞ చదువబడగానే అంతియొకయ ప్రజలు మండిపడి వీధులలోనికి వచ్చిరి. అల్లరి మూక చక్రవర్తి ప్రతిమలను, చనిపోయిన ఆయన భార్య ప్రతిమను పడద్రోసి వీధులలో ఈడ్చెను. కొన్ని గడియలలోనే అల్లరి అణగెను గాని, ఆ వెంటనే భయము పట్టుకొనెను. చక్రవర్తి ప్రతిమను అవమానించుట రాజద్రోహము. పట్టణమంతయు కాల్చివేయుదురేమో అని జనులు వణకిరి. పలువురు శిక్షింపబడి చంపబడిరి. అనేకులు పిల్లాపాపలతో అడవులకు పారిపోయిరి.

అప్పుడు వృద్ధుడైన ఫ్లావియను, తన సహోదరి మరణావస్థలో నుండగా ఆమెను విడిచి, చలికాలములో 800 మైళ్ల దూరముననున్న రాజధానికి బయలుదేరెను. చక్రవర్తి కాళ్లమీద పడి క్షమాపణ వేడుకొనుటయే ఆయన తలంపు. సంఘము యోహాను చేతిలో విడువబడెను. అవి ఈస్టరుకు ముందటి ఉపవాస దినములు. వినోదశాలలు, స్నానశాలలు మూయబడెను. దేవాలయము మాత్రము తెరచియుండెను. ఎన్నడును గుడి గడప త్రొక్కనివారును లోపలికి వచ్చిరి. యోహాను ఆ దినములలో చేసిన 21 ప్రసంగములు నేటికిని నిలిచియున్నవి. ఆయన వారి కన్నీరు తుడిచెను, కాని వారి పాపమును తుడిచిపెట్టినట్లు నటింపలేదు. రాజుకు భయపడుచున్న మీరు దేవునికి ఎందుకు భయపడరని గద్దించెను. ప్రతి చిన్నదానికి ఒట్లు పెట్టుకొను దురలవాటును ఈ ఉపవాస దినములలోనైన మానుడని దినదినము చెప్పెను.

విచారణకొరకు రాజాధికారులు ఇద్దరు వచ్చినప్పుడు కొండలలోని సన్యాసులు దిగివచ్చిరి. వారిలో చదువురాని మకెదోనియసు అను వృద్ధుడు అధికారి వస్త్రము పట్టుకొని నిలువరించి, కంచు ప్రతిమను మరల పోతపోయవచ్చును గాని చంపిన మనుష్యుని ఒక్క వెండ్రుకనైన చక్రవర్తి మరల చేయలేడని చెప్పించెను. అధికారులు శిక్షను ఆపి చక్రవర్తికి వర్తమానము పంపిరి. ఫ్లావియను మనవి ఫలించెను. ఈస్టరు పండుగకు ఆయన క్షమాపణతో తిరిగి వచ్చెను. పట్టణము దీపములు వెలిగించి పూలు కట్టి సంతోషించెను. ఆ యేట అంతియొకయకు పునరుత్థాన పండుగ రెండంతల అర్థము గలదాయెను.

వాక్యమును వీధిలోనికి తెచ్చినవాడు

ఆ తరువాత పదేండ్లు యోహాను అంతియొకయలోనే వాక్యము బోధించెను. ఆయన పద్ధతి సామాన్యమైనది. పరిశుద్ధ గ్రంథములోని ఒక పుస్తకమును తీసికొని వరుసగా అధ్యాయము వెంట అధ్యాయము విప్పి చెప్పెడివాడు. ఆదికాండముపై 67, మత్తయిపై 90, యోహాను సువార్తపై 88, రోమా పత్రికపై 32 ప్రసంగములు మనకు మిగిలియున్నవి. మొదట వచనము యొక్క అర్థము చెప్పును. తరువాత వినువారి ఇంటిలోనికి, అంగడిలోనికి, వంటశాలలోనికి దానిని నడిపించును.

ఆ ఆరాధనలు నేటి మన ఆరాధనలవంటివే. ప్రసంగము నచ్చినప్పుడు జనులు చప్పట్లు చరచుట అప్పటి వాడుక. అది తగదని ఆయన గద్దించగా ఆ గద్దింపు ఎంతో చక్కగా ఉన్నదని మరల చప్పట్లు చరచిరట! జనసమ్మర్దములో దొంగలు జేబులు కొట్టుచున్నారని, డబ్బు ఇంటనుంచి రండని ఆయన హెచ్చరింపవలసి వచ్చెను. ఒక సాయంకాలము దీపములు వెలిగించువాడు లోపలికి రాగా జనులందరి తలలు అటు తిరిగెను. లేఖనముల దీపమును నేను మీకొరకు వెలిగించుచుండగా మీరు ఆ దీపము వంక చూచుచున్నారా అని ఆయన నొచ్చుకొనెను. ప్రసంగించువారందరికి ఇది కొంత ఓదార్పు. బంగారు నోటివానికే అట్లు జరిగినయెడల మనము తలలు తిరిగినప్పుడు నిరుత్సాహపడనేల?

పరిశుద్ధ గ్రంథము చదువుట సన్యాసుల పని, మాకు కాపురములు, పిల్లలు, పనులు ఉన్నవని చెప్పినవారికి ఆయన ఒకే జవాబు చెప్పెడివాడు. కొండపై నున్నవానికంటె వీధిలో దెబ్బలు తినువానికే మందు ఎక్కువ అవసరము గదా! కమ్మరి తన సుత్తిని అమ్ముకొనడు, దాచిపెట్టి తుప్పు పట్టనీయడు. క్రైస్తవునికి వేదము అట్టి పనిముట్టు.

బల్లయు ఆకలిగొన్నవాడును

అయితే ఆయన అన్నిటికంటె ఎక్కువగా మాటలాడినది బీదలనుగూర్చి. అంతియొకయ ధనముగల పట్టణము. దాని జనులలో పదియవ వంతు ధనవంతులనియు, పదియవ వంతు ఏమియు లేని నిరుపేదలనియు, మిగిలినవారు మధ్యతరగతివారనియు ఆయన లెక్క చెప్పెను. అంత గొప్ప ఆస్తి లేని సంఘమే దినదినము 3,000 మంది విధవరాండ్రను కన్యకలను పోషించుచుండగా, ఉన్నవారందరు చేయివేసినయెడల పట్టణములో ఒక్క బీదవాడైన మిగులునా అని అడిగెను.

ప్రభువు బల్లమీద పట్టువస్త్రములు పరచి, బంగారు గిన్నెలు ఉంచి, గుడి వాకిట చలికి వణకుచున్నవానిని దాటిపోవువారితో ఆయన మిక్కిలి సూటిగా మాటలాడెను. బల్లయొద్ద నున్న క్రీస్తే వాకిట నున్నాడని మత్తయి 25వ అధ్యాయమును చూపించెను. బల్ల మీద ఘనపరచి వాకిట అవమానపరచుట ఘనపరచుట కాదనెను. గుడిని అలంకరింపవద్దని ఆయన చెప్పలేదు. మొదట ఆకలిగొన్నవానికి పెట్టి, మిగిలినదానితో బల్లను అలంకరింపుమని చెప్పెను. వరుస తప్పుటయే తప్పు అనెను.

ధనవంతుడును లాజరును గూర్చి ఆయన వరుసగా ప్రసంగములు చేసెను. ఆ ధనవంతుడు లాజరును కొట్టలేదు, తిట్టలేదు, వాని సొమ్ము దోచలేదు. చూచి ఊరకయుండెను. తనకున్నదానిలో ఇయ్యకపోవుట కూడ దొంగతనమే అని యోహాను ఆ కథనుండి బోధించెను. ఇది వినువారికి చేదుగా నుండెను.

చేదు మాత్రమే కాదు, చేయదగిన మార్గమును కూడ చూపెను. ప్రతివాడును తాను ప్రార్థనచేయు చోట ఒక చిన్న పెట్టె నుంచుకొని, మోకాళ్లూనుటకు ముందు బీదలకొరకు దానిలో ఏదైన వేయవలెనని చెప్పెను. ఇంటిలో ఒక మూల క్రీస్తు గది అని పెట్టి పరదేశికి అందులో చోటియ్యవలెననెను. ఈ మాట చదువునప్పుడు మన తెలుగు పల్లెలలోని క్రైస్తవ స్త్రీల పిడికెడు బియ్యము మాకు గుర్తునకు వచ్చుచున్నది. పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యము కొలుచునప్పుడు ఒక పిడికెడు తీసి దేవుని కుండలో వేయు మన తల్లులలో అనేకులకు యోహాను క్రిసొస్తొము ఎవరో తెలియదు. కాని 1,600 ఏండ్ల క్రిందట ఆయన అడిగిన పనినే వారు చేసిరి.

ఆ నోటికి గల మచ్చ

ఇక్కడ ఒక దుఃఖకరమైన సంగతి దాచక చెప్పవలసియున్నది. 386, 387 సంవత్సరములలో ఆయన యూదుల పండుగలకు పోవుచున్న క్రైస్తవులను ఆపుటకై 8 ప్రసంగములు చేసెను. తన మందను కాచుకొనుట కాపరి హక్కే. కాని ఆ ప్రసంగములలో ఆయన యూదులను బహు క్రూరమైన మాటలతో దూషించెను. ప్రభువు యూదుడుగా జన్మించెననియు, ఆ జనమునుగూర్చి పౌలు రోమా పత్రిక 9వ అధ్యాయములో ఎంత వేదనపడెననియు ఎరిగిన నోటినుండి అవి రాదగిన మాటలు కావు. పెదవి దాటిన మాట పృథివి దాటును అని మన పెద్దలందురు. తరువాతి శతాబ్దములలో యూదులను హింసించినవారు ఆ మాటలను ఆయుధములుగా వాడుకొనిరి. ఒకే నోటనుండి ఆశీర్వాదమును శాపమును వచ్చుట తగదని యాకోబు వ్రాసినది బంగారు నోటికి కూడ చెందును. భక్తుల సద్గుణములను అనుసరింపవలెను, వారి తప్పులను భక్తి పేరట మోయరాదు.

రాజధానిలో కాపరి

397లో కాన్‌స్టాంటినోపిల్ బిషప్పు నెక్తారియసు మరణించెను. ఆ పీఠముకొరకు పలువురు పాకులాడుచుండగా, చక్రవర్తి అర్కాదియసుకు మంత్రియైన యుత్రోపియసు అను నపుంసకుడు యోహానును ఏర్పరచెను. అంతియొకయ ప్రజలు ఆయనను వదలరని ఎరిగి, హతసాక్షుల సమాధిమందిరమును చూతము రమ్మని ఆయనను ఊరి వెలుపలికి పిలిపించి, బండి ఎక్కించి రాజధానికి తరలించిరి. 398లో ఆయన బిషప్పుగా ప్రతిష్ఠింపబడెను. అలెక్సంద్రియ బిషప్పు థెయొఫిలు తనకు ఇష్టములేకున్నను ఆ ప్రతిష్ఠను జరిగించెను. ఆ అయిష్టము లోలోపల పెరుగుచు వచ్చెను.

క్రొత్త బిషప్పు మొదట తన ఇంటి లెక్కలే చూచెను. విందులకగుచున్న ఖర్చును కొట్టివేసి ఆ సొమ్మును ఆసుపత్రికి మళ్లించెను. మరికొన్ని ఆసుపత్రులు కట్టించి, వాటికి ప్రెస్బితరులను, వైద్యులను, వంటవారిని నియమించెను. దేవాలయ అలంకారమునకై దాచియుంచిన చలువరాళ్లను అమ్మివేసెను. గొప్పవారికి విందులు చేయుట మాని, చెడిపోయిన తన కడుపుకు తగిన కొంచెము భోజనము ఒంటరిగా చేసెను. పగలు పనికిపోవు మగవారికొరకు రాత్రి ఆరాధనలు పెట్టెను. నిద్ర చెడుచున్నదని సోమరులైన సంఘ సేవకులు సణుగుకొనిరి. పట్టణములోనున్న గోతు జాతివారికి ఒక దేవాలయమిచ్చి, వారి భాషలోనే ఆరాధన జరిగించి, తానును అక్కడికి పోయి దుబాసి ద్వారా ప్రసంగించెను. అనాగరికులని నగరవాసులు చులకన చేసినవారి భాష దేవుని స్తుతికి తగినదని చూపించుట చిన్న సంగతి కాదు.

ఆయనకు తోడైనవారిలో ఒలింపియ ముఖ్యురాలు. ఆమె యౌవనములోనే విధవరాలైన గొప్ప ధనవంతురాలు, డీకనెస్సు. చేతికి వచ్చినట్లు అందరికి పంచుచుండగా యోహాను ఆమెను నిజమైన అవసరము గలవారిని కనిపెట్టి ఇమ్మని బుద్ధిచెప్పెను. ధనముగలవారు ఇప్పటికే తృప్తిగా ఉన్నవారికి ఇచ్చుట సముద్రములో నీరు పోయుటయే అనెను. ఆమె ఔదార్యముతో కడుపు నింపుకొనుచున్న కొందరు సంఘ పెద్దలకు ఈ సలహా మింగుడుపడలేదు.

399లో ఒక విచిత్రము జరిగెను. యోహానును రప్పించిన యుత్రోపియసే ఒక్క దినములో అధికారమునుండి పడిపోయెను. ప్రాణభయముతో పరుగెత్తి వచ్చి దేవాలయములో బల్లను పట్టుకొనెను. దేవాలయములో శరణుజొచ్చినవారికి రక్షణ లేకుండ అంతకుముందు చట్టము చేయించినవాడు అతడే! సైనికులు అతని నిమ్ము అని కేకలు వేసిరి, జనులును అతని చావు కోరిరి. యోహాను అడ్డుపడి ఇయ్యననెను. మరుసటి దినము గుడి క్రిక్కిరిసియుండగా, బల్లను పట్టుకొని వణకుచున్న ఆ మనుష్యుని ఎదుటనే ప్రసంగి గ్రంథపు మొదటి అధ్యాయము తీసి లోకవైభవము ఎంత వ్యర్థమో బోధించెను. తుదకు వినువారిచేత శత్రువుకొరకు కన్నీరు పెట్టించెను. ఆ తరువాత యుత్రోపియసు గుడి విడిచి ద్వీపాంతరమునకు పంపబడి, ఆ యేటనే చంపబడెను. అయినను సంఘము తన వాకిట చేరిన విరోధిని అప్పగింపలేదను సాక్ష్యము నిలిచెను.

పీఠమునుండి పరవాసమునకు

ఇట్టి కాపరికి విరోధులు పెరుగుట వింతకాదు. ఆడంబరము విమర్శింపబడిన రాజకుటుంబపు స్త్రీలు, పదవి పోయిన సంఘ సేవకులు, అందరికంటె పైగా యుదోక్సియ రాణి ఆయనమీద కోపగించిరి. ఆయన మాట కొన్ని సమయములలో అవసరమునకు మించిన పదునుతో నుండెను. ఓపికతో సరిచేయదగినవారిని కూడ తొందరపడి గద్దించి దూరము చేసికొనెను. అదే సమయమున థెయొఫిలు తరిమివేసిన ఐగుప్తు సన్యాసులు ఇంచుమించు 50 మంది రాజధానికి వచ్చి ఆశ్రయమడిగిరి. యోహాను వారికి తలదాచుకొన చోటిచ్చెను. విచారణకు పిలువబడి వచ్చిన థెయొఫిలు, ఆ విచారణను తలక్రిందులు చేసి తానే న్యాయాధిపతియై కూర్చుండెను. 403లో పట్టణమునకు సమీపమున సింధూరవృక్షము అను పేరుగల స్థలములో 36 మంది బిషప్పులు కూడిరి. ఒంటరిగా భుజించుచున్నాడు, చలువరాళ్లు అమ్మెను అనునవి కూడ ఆయనపై మోపిన నేరములలో నుండెను! శత్రువులే తీర్పరులుగానున్న సభకు యోహాను పోలేదు. వారు ఆయనను పదవినుండి తీసివేసిరి.

ప్రజలు దేవాలయము చుట్టు కావలియుండగా, రక్తపాతము కలుగరాదని ఆయన తానే మెల్లగా సైనికుల చేతికి లోబడెను. ఆ వెంటనే రాజభవనములో ఒక ఆపద సంభవింపగా రాణి భయపడి ఆయనను తిరిగి రప్పించెను. సమాధానము ఎక్కువకాలము నిలువలేదు. కొన్ని నెలలకే దేవాలయమునకు దగ్గరలో రాణి వెండి ప్రతిమ నిలువబెట్టబడి, దాని వేడుకల గందరగోళము ఆరాధనకు అడ్డమాయెను. యోహాను ఊరకుండలేదు. 404 ఈస్టరు ముందటి రాత్రి బాప్తిస్మము జరుగుచుండగా సైనికులు చొరబడి ఆరాధికులను కొట్టిరి. బాప్తిస్మపు నీళ్లు రక్తముతో ఎఱ్ఱనాయెను. జూన్ 20వ తేదీని ఆయనను పరవాసమునకు పంపిరి. వెళ్లునప్పుడు ఒలింపియను తక్కిన డీకనెస్సులను పిలిచి, సంఘమును విడువవద్దనియు, అందరి సమ్మతితో న్యాయముగా నియమింపబడినవాడు తన స్థానమునకు వచ్చినయెడల అతనికి లోబడుడనియు చెప్పెను. తనకొరకు సంఘము చీలుటకంటె తాను మరచిపోబడుటయే ఆయనకు మేలనిపించెను. పగలు చల్లారని మన సంఘములలో ఈ మాటను ఆలోచింపవలెను.

ఆర్మేనియ కొండలలో కుకూసు అను చిన్న ఊరు ఆయనకు చెరయాయెను. అది నేటి తుర్కీ దేశములో నున్నది. మార్గములో కైసరియలో జ్వరముతో పడియుండగా అక్కడి సన్యాసుల గుంపు ఆయనను బ్రతుకనియ్యమని బెదరించి, వెన్నెలలేని అర్ధరాత్రి రోడ్డుమీదికి తరిమివేసెను. కుకూసులో భయంకరమైన చలి, బందిపోట్ల భయము. అయినను ఆయన కలము ఆగలేదు. ఆ పరవాసమునుండి వ్రాసిన ఇంచుమించు 240 ఉత్తరములు మిగిలియున్నవి. వాటిలో 17 ఒలింపియకు వ్రాసినవి. ఫేనీకేలో సువార్త పనికి మనుష్యులను పంపుటకును, గోతు సంఘమునకు కాపరిని ఏర్పరచుటకును ఆయన మంచముమీదనుండి ప్రయాసపడెను. పీఠము పోయినది గాని పరిచర్య పోలేదు.

అంతియొకయనుండి జనులు ఆయనను చూచుటకు కుకూసుకు వచ్చుచుండుట విరోధులకు గిట్టలేదు. 407 వేసవిలో ఆయనను నల్లసముద్రపు ఒడ్డున చాల దూరముననున్న పిత్యూసుకు మార్చుడని ఆజ్ఞ వచ్చెను. ఇద్దరు సైనికులు ఆయనను మూడు నెలలు ఎండనక వాననక నడిపించిరి. పొంతులోని కొమాన యొద్ద సెప్టెంబరు 14వ తేదీని ఆయన బలము తీరిపోయెను. దారిప్రక్కనున్న చిన్న ప్రార్థనా మందిరములో తెల్లని వస్త్రములు ధరించి, తన బట్టలను దగ్గరనున్నవారికి పంచియిచ్చి, ప్రభువు సంస్కారము పుచ్చుకొని, సమస్తమునుబట్టి దేవునికి మహిమ చెల్లించుచు కన్నుమూసెను. 31 సంవత్సరముల తరువాత, 438 జనవరి 27న, ఆయన అస్థికలను రాజధానికి తెచ్చినప్పుడు యుదోక్సియ కుమారుడైన రెండవ థియొదోసియసు చక్రవర్తి తన తలిదండ్రుల తప్పునుగూర్చి ఆ పెట్టెయొద్ద క్షమాపణ వేడుకొనెను.

మనకు పాఠము

ప్రియ చదువరులారా, కాపరి మాట తియ్యగానున్నంతవరకు అందరును చప్పట్లు చరచుదురు. అది మన ధాన్యపు గాదెయొద్దకు, మన డబ్బు పెట్టెయొద్దకు, మన ప్రతిమయొద్దకు వచ్చినప్పుడే మనము ఎవరమో తెలియును. పల్లె సంఘములో కాపరి జీవనము ఎవరి కానుకలమీద నిలుచునో వారికే కొన్నిసార్లు కఠినమైన మాట చెప్పవలసియుండును. చెప్పుటకు కాపరికి ధైర్యము కావలెను, వినుటకు పెద్దలకు వినయము కావలెను. ధైర్యము ప్రేమను విడిచినయెడల ఏమగునో కూడ యోహాను జీవితమే చూపుచున్నది.

ఈ నెలలో గుడికొరకు ఏదైన కానుక తెచ్చుటకు ముందు, ఇల్లు విడిచి వచ్చు దారిలో ఎవరి పొయ్యి వెలుగలేదో చూచి రండు. కాంక్రీటు గోపురము, క్రొత్త మైకు, పండుగ పందిరి మంచివే. వాటికంటె ముందు వాకిటనున్న లాజరు ఉన్నాడు. వరుస తప్పక చేయుదము.

ప్రార్థన: ప్రభువా, మా నోళ్లను శుద్ధిచేయుము. నీ వాక్యము మాకు చేదుగానున్న దినమున దానినుండి పారిపోనీయకుము. నీ బల్లయొద్ద నిన్ను చూచిన మా కన్నులు మా వాకిట నిన్ను గుర్తుపట్టునట్లు కృపచూపుము. ఆమేన్.